జనవరి 26న సిటిజన్‌షిప్ సెర్మనీ, డేట్ మార్పించుకోవచ్చా?

మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం అండి, సిటిజన్‌షిప్ అప్రూవ్ అయింది, సెర్మనీ మాత్రం ఆస్ట్రేలియా డే రోజే అని కౌన్సిల్ నుంచి లెటర్ వచ్చింది. మన రిపబ్లిక్ డే కూడా అదే రోజని అమ్మావాళ్లు తెగ సంబరపడిపోతున్నారు, నాకే మనసొప్పట్లేదు. 1788లో ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ కోవ్‌లో దిగి బ్రిటిష్ జెండా ఎగరేసింది ఆ రోజే కదా, ఇక్కడి మూలవాసుల భూములు పోవడం, ఊచకోతలు, తర్వాత తర్వాత పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్లడం అన్నీ దాని వెనకే వచ్చాయి. 1938లోనే వాళ్లు సిడ్నీలో దాన్ని సంతాప దినంగా పాటించారు, ఇప్పటికీ ఇన్వేషన్ డే అంటూ వేలమంది ర్యాలీ చేస్తారు. మా హాస్పిటల్ వార్డ్‌లో పనిచేసే అబోరిజినల్ (ఇక్కడి మూలవాసి) ఆవిడ ఏటా ఆ రోజు కావాలని డ్యూటీ వేయించుకుంటుంది, ఎవరైనా హ్యాపీ ఆస్ట్రేలియా డే అంటే తలదించుకుని ఫైల్ రాసుకుంటుంది. ఆమె ముందు ఆ ఫోటోలు ఎలా చూపించను?

2022 చివర్లో రూల్ మార్చి, మూడ్రోజులు అటూ ఇటూ సెర్మనీ పెట్టుకోవచ్చన్నారు, మా కౌన్సిల్ 26నే పెట్టింది. వేరే డేట్ అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కారణం చెప్పాలా, ఎన్నాళ్లు లేటైంది? ఏప్రిల్‌లో ఇండియా వెళ్లాలి, పాస్‌పోర్ట్, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చే కార్డ్) పనులు కూడా ఉన్నాయి, ప్లీజ్ తెలిసినవాళ్లు చెప్పండి.