ఒకే జీతం, వాడికి మాత్రం ఎలా సరిపోతోంది?

నేనూ నా ఫ్రెండూ ఒకే ఆఫీసులో, ఒకే హోదాలో పనిచేస్తున్నాం. జీతాల్లో పెద్ద తేడా లేదు, పేస్లిప్పులు పక్కపక్కన పెట్టి చూసుకున్నవాళ్ళమే. అయినా వాడు ఈ ఏడాదిలో కారు కొన్నాడు, రెండుసార్లు విదేశాలు తిరిగొచ్చాడు. నాకేమో 20వ తారీఖు వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది.

అసూయే, దాచను. వాడి ఫొటోకి లైక్ కొట్టి, వెంటనే నా బ్యాంకు బ్యాలెన్స్ చూసుకుంటున్నాను (ఇదేం జబ్బో!). కానీ అంతకంటే కుతూహలం ఎక్కువ. నాకు ఇంటి అద్దె, చదువు లోను, అమ్మానాన్నల మందుల ఖర్చు ఉన్నాయి. వాడికి సొంతిల్లుంది, వాళ్ళావిడ కూడా ఉద్యోగం చేస్తుంది. లెక్క అక్కడే తేలిపోవాలి, ఎంత కూడినా తేలట్లేదు. అంతా ఈఎంఐల మీదేనా? క్రెడిట్ కార్డుకి నెలనెలా కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే వడ్డీ తడిసి మోపెడవుతుంది కదా, వాడలా ఇరుక్కున్నాడేమోనని ఓ మూల భయం కూడా.

నేరుగా అడగొచ్చా? అడిగితే ఓర్వలేక అడుగుతున్నాననుకుంటాడేమో. మీలో ఎవరైనా ఇలాంటి మాట స్నేహితుడి దగ్గర కదిపారా? ఎలా మొదలుపెట్టారు?