మడత సోఫా పరుపులో దూదా, ఫోమా? గొడవ తేల్చండి

పటమట పిల్ల:
ఇల్లు చిన్నది, మా అత్తగారు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు హాల్లో చాప మీద పడుకోవాల్సి వస్తోంది. అందుకని పగలు సోఫా, రాత్రి మంచం అయ్యే టేకు ఫ్రేము చేయించాం, జపాన్ ఫ్యూటన్ టైపు అన్నమాట. ఇక మిగిలింది పరుపు: 6 అడుగుల పొడవు, 4.5 వెడల్పు, 6 అంగుళాల మందం. వన్‌టౌన్‌లో ఒకాయన మొత్తం దూదే పెట్టించుకోమంటాడు, ఇంకో షాపులో ఫోమ్ తప్ప ఏదీ మడత పడదంటారు. ఎవరి మాట వినాలి?

బ్రాడీపేట 4వ లైను:
దూదేనండీ, ఇందులో చర్చేముంది? చుట్టూ పత్తి పండే గుంటూరులో ఉంటూ ప్లాస్టిక్ మీద పడుకోవడం ఏంటసలు. మే నెలలో రాత్రి పూట కరెంటు పోయినప్పుడు ఫోమ్ మీద పడుకుని చూడండి, వీపు కింద పెనం పెట్టినట్టుంటుంది. దూది చెమట పీల్చుకుంటుంది.

గవర్నర్‌పేట:
పీల్చుకున్న చెమట ఎక్కడికి పోతుంది సార్, లోపలే ఉంటుంది! మా ఇంట్లో దూది పరుపు మడత సోఫా మీద వేస్తే మూడు నెలల్లో దూదంతా కిందికి జారి నడుం దగ్గర గొయ్యి పడింది. ఇద్దరం పడితేగానీ లేవనంత బరువు. ఫోమ్ తీసుకోండి, హాయి.

జిన్నింగ్ మిల్లు:
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. జపాన్ వాళ్ళ అసలు ఫ్యూటన్ పల్చటి దూది పరుపు, చాప లాంటి తాతామి మీద పరుస్తారు, పొద్దున్నే మడిచి అల్మారాలో పెడతారు, తరచూ ఎండలో ఆరేస్తారు. అందుకే వాళ్ళకి దూది పనికొస్తోంది. మనం సోఫాగా మడిచి ఏడాదంతా అలాగే వదిలేస్తాం, తీసి దులిపే ఓపిక ఎవరికుంది? అదీగాక పరుపు షాపుల్లో దూది అని పెట్టేది ఏంటో ఒకసారి విప్పి చూడండి. మా ఇంటి పరుపు, కొని రెండేళ్ళు కాలేదు, ఉండలు కట్టిందని కుట్లు విప్పితే పైన రెండు దోసిళ్ళు తెల్ల దూది, కిందంతా నల్లగా, ఎర్రగా బనియన్ల పీలికలు, పత్తి గింజల పొట్టు! మంచి దూది గుప్పెడు తీసి లాగితే పోగు అంగుళం దాకా సాగుతుంది, పొడి రాలదు. నింపే ముందు మీ కళ్ళ ముందు పోగు లాగి చూపించమనండి. నా లెక్కలో మధ్యలో 4 అంగుళాల ఫోమ్, పైనా కిందా అంగుళం దూది, అడుగుకో కుట్టు. జారదు, వీపు ఉడకదు.

బ్రాడీపేట 4వ లైను:
మరి బూరుగు దూది? మా నాన్నమ్మ పరుపు నలభై ఏళ్ళు వచ్చింది.

జిన్నింగ్ మిల్లు:
బూరుగు పోగు లోపల డొల్ల, పైన మైనం పూత, నీళ్ళు పీల్చదు, అందుకే ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో కూడా నింపేవాళ్ళు. కానీ పెళుసు. దిండుకి బ్రహ్మాండం, రోజూ మడిచే పరుపులో పొడైపోతుంది. నాన్నమ్మగారి పరుపుని రోజుకి రెండుసార్లు విరిచారా ఏంటి?

ఏలూరు రోడ్డు:
కొబ్బరి పీచు మాత్రం వద్దక్కా, మడత దగ్గర విరుగుతుంది. మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, మన ఎండాకాలానికి దండగ. మామూలు ఫోమ్‌లో 32 డెన్సిటీకి తగ్గొద్దు. షాపువాడి మాట నమ్మకుండా తూకం వేయించండి. డెన్సిటీ అంటే ఘనపు మీటరుకి ఇన్ని కిలోలని లెక్క. మీ సైజులో 4 అంగుళాల ముక్క 8 కిలోల పైన తూగాలి.

గవర్నర్‌పేట:
పరుపు తూకం వేయించుకోవడం ఏంటి బాబూ, పుచ్చకాయా?

పటమట పిల్ల:
అప్‌డేట్. జిన్నింగ్ మిల్లు గారు చెప్పినట్టే మధ్యలో ఫోమ్, పైనా కిందా దూది అని ఆర్డరివ్వడానికి వెళ్ళాం. 32 అని చూపించిన ముక్కని తూకం వేయమంటే షాపాయన "మేమేమన్నా ఉల్లిపాయలు అమ్ముతున్నామా అమ్మా" అని నవ్వాడు. మా ఆయన దాన్ని చుట్టి తాడు కట్టి ఎదురుగా పాత పేపర్ల కొట్లో కాటా మీద పెట్టించారు. 6 కిలోల 400. లెక్కేస్తే 25!

బ్రాడీపేట 4వ లైను:
దూదే అని మొదటే చెప్పానా లేదా.

పటమట పిల్ల:
అంకుల్, ఆ షాపులో దూది పోగు కూడా లాగి చూశా. తెగి చేతిలోకొచ్చింది.