వరదకి కూడా స్తోత్రం చెప్పాలా? విజయవాడ సింగ్ నగర్ నుంచి అడుగుతున్నా

సింగ్‌నగర్ సిస్టర్:
అందరికీ వందనాలండి. చాన్నాళ్ల నుంచి మనసులో తిరుగుతున్న మాట, ఇక్కడ అడిగేస్తున్నా. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, ఆ రోజు మా చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన), తెల్లచీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నా. చర్చికి బయల్దేరేలోపే బుడమేరు వాగు నీళ్లు గుమ్మంలోకి వచ్చేశాయి, సాయంత్రానికి కిటికీ దాకా. ఐదు రోజులు డాబా మీదే ఉన్నాం. దిగొచ్చి చూస్తే ఫ్రిజ్ పక్కకి పడిపోయి ఉంది, డ్రమ్ములో బియ్యం పులిసిపోయి వాసన, అమ్మ బైబిల్ ఉబ్బిపోయి పేజీలన్నీ అతుక్కుపోయాయి. తర్వాత ప్రార్థన కూడికలో సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు, చెప్పమంటే నిలబడి ఏడ్చేశా. ఒక పెద్దాయన "వరదకి కూడా స్తోత్రం చెప్పాలమ్మా, చెప్పలేకపోతున్నావంటే విశ్వాసం తగ్గింది" అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో ప్రార్థనలో కూడా థాంక్స్ అనబోతే గొంతు పట్టేస్తోంది. నిజంగా అలా చెప్పాలా?

కొత్తపేట బ్రదర్:
ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. చదువుతుంటే బాధేసింది. కానీ వాక్యం వాక్యమే కదమ్మా. బైబిల్లో ఎఫెసీ 5:20లో కృతజ్ఞతలు చెప్పడం గురించి "సమస్తమునుగూర్చి" అనే ఉంది, సగం వాటి గురించి అని లేదు. యోబు పిల్లల్ని పోగొట్టుకుని కూడా "యెహోవా నామమునకు స్తుతి" అన్నాడు. మా నాన్నగారికి మిర్చిలో డబ్బంతా పోయిన ఏడాది మేం పచ్చడి మెతుకులు తిన్నాం, అయినా అన్నం ముందు ఆయన ప్రార్థన మానలేదు. మంచి జరిగితేనే చెప్పేది ఏం కృతజ్ఞత?

బ్రాడీపేట టీచర్:
బ్రదర్ గారూ, యోబుని సగంలో ఆపేశారు. 1వ అధ్యాయంలో ఆ మాట అన్నవాడే 3వ అధ్యాయంలో తను పుట్టిన రోజుని శపించాడు. ఆఖర్న 42వ అధ్యాయంలో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, పక్కన కూర్చుని నీతులు చెప్పిన స్నేహితుల మీద. ఇంక 1 థెస్సలొనీక 5:18 చూడండి, "ప్రతి విషయమునందును" అని ఉంది. విషయమునందు అంటే ఆ కష్టంలో ఉండి కూడా అని, ఆ కష్టానికి అని కాదు. సిస్టర్ ఐదు రోజులు డాబా మీద ఉన్నారు, అక్కడ ఉండి దేనికి థాంక్స్ చెప్పగలరో దానికే చెప్తారు, అది చాలు. మా అమ్మమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు రోజూ పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది, ఆదివారం చర్చికి పట్టుకెళ్లేది. ఉన్న బియ్యంలోంచే తీసేది కదండీ, లేని బియ్యంలోంచి ఎవరు తీస్తారు.

గుణదల నుంచి:
మేం ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) అండి, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేం దివ్యసత్ప్రసాదం అనేదాన్ని యూకరిస్ట్ అంటారు, గ్రీకులో ఆ మాటకి అర్థమే కృతజ్ఞత. ప్రభువు రొట్టె పట్టుకుని కృతజ్ఞతలు చెప్పింది ఎప్పుడు? అప్పగింపబడిన రాత్రి. రొట్టెకి చెప్పాడు, తనని పట్టించిన శిష్యుడు యూదా చేసినదానికి చెప్పలేదు. అదే రాత్రి గెత్సేమనే తోటలో ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, తీసెయ్యమని తండ్రిని అడిగాడు కూడా. రెండూ ఒకే నోటితో.

కొత్తపేట బ్రదర్:
మంచి మాట చెప్పారు, కానీ ఆ రొట్టె ఆయన శరీరమే కదండీ. నలగబోయే శరీరాన్ని చేతిలో పట్టుకుని థాంక్స్ చెప్పాడు. అంటే బాధని పక్కన పెట్టి చెప్పలేదుగా? నేను దీన్ని వదల్లేను.

బ్రాడీపేట టీచర్:
వదలొద్దు బ్రదర్, నిజంగా ఆలోచించాల్సిన మాట. కాకపోతే ఆయన తన శరీరం గురించి తాను చెప్పుకున్నాడు, శిష్యులు పేతురు చేతో యోహాను చేతో చెప్పించలేదు. మీ నాన్నగారు కూడా అంతే, ఆయనంతట ఆయన చేసిన ప్రార్థన. అదే మాట ఇంకొకళ్ల ఇల్లు మునిగినప్పుడు వాళ్ల నోట బలవంతంగా పలికిస్తే అది స్తోత్రం ఎలా అవుద్ది? చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ముందు ఏడ్చాడు, తర్వాతే "తండ్రీ కృతజ్ఞతలు" అన్నాడు, యోహాను 11లో ఆ వరసలోనే ఉంది. ఆ ఏడుపుని ఎవరూ విశ్వాసం తగ్గడం అనలేదు.

కొత్తపేట బ్రదర్:
సిస్టర్, ఆ పెద్దాయన అన్న మాట నేనూ ఒకళ్లిద్దరికి అన్నాను, అంత్యక్రియల ఇంట్లో. ఎఫెసీ వాక్యం మీద నా మనసు మారలేదు గానీ అక్కడ అనకుండా ఉండాల్సింది.

సింగ్‌నగర్ సిస్టర్:
బ్రదర్ గారూ, మీ మీద నాకు కోపమేం లేదండి. టీచర్ గారు డాబా మీద ఉండి అని రాశారుగా, అది చదివాక గుర్తొచ్చింది. మూడో రోజు ఒక కుర్రాడు లారీ ట్యూబు మీద పడుకుని చేతుల్తో నీళ్లు తోసుకుంటూ వచ్చాడు, మెడకి కట్టుకున్న సంచిలో పాల ప్యాకెట్లు, రెండు మా పాపకని పైకి విసిరాడు, ఒకటి పిట్టగోడకి తగిలి పగిలిపోయింది, ఇంకోటి పట్టుకున్నా. పేరు అడిగేలోపే పక్క వీధిలోకి వెళ్లిపోయాడు. ఇన్నాళ్లూ పగిలిన ప్యాకెట్టే కళ్లముందు ఉండేది. రాత్రి ప్రార్థనలో ఆ కుర్రాడికోసం థాంక్స్ చెప్పా, గొంతు పట్టలేదు. వరద గురించి మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదండి.