చైనా స్క్రోల్ మౌంటింగ్: గోధుమ జిగురా, హీట్ ప్రెస్సా?

కృష్ణాతీరం: షువాన్ కాగితం (చైనావాళ్ల పలుచటి బొమ్మల కాగితం) మీద సిరాతో వెదురు బొమ్మలు వేస్తున్నాను. చైనా పద్ధతిలో గోడకు వేలాడదీసే స్క్రోల్‌గా చేద్దామని ఉంది. మా టీచర్ గోధుమ జిగురుతో తడి మౌంటింగే (బొమ్మను తడిపి వెనక కాగితం అతికించడం) చేయమంటున్నారు. ఆన్‌లైన్‌లోనేమో వెనక వేడికి అంటుకునే ఫిల్మ్ పెట్టి ఇస్త్రీ చేస్తే చాలంటున్నారు. మాది బెజవాడ, వానాకాలం తేమ మామూలుగా ఉండదు. ఏది మంచిది?

సిరాబొట్టు: తడి మౌంటింగే. ఆలోచించక్కర్లేదు. పిండిని నీళ్లలో పిసికి, సాగే జిగటంతా తీసేసి, అడుగున పేరుకున్న తెల్లటి గంజిపొడితోనే జిగురు కాచాలి. 9వ శతాబ్దంలోనే చైనా చిత్రకళా చరిత్రకారుడు జాంగ్ యెన్‌యువాన్ ఈ మాట రాశాడు. పురుగు పట్టకుండా కాస్త సాంబ్రాణి లాంటి సుగంధపు బంక పొడి కూడా కలిపేవాడినని చెప్పాడు. బొమ్మను బోర్లా పరిచి, నీళ్లు చిలకరించి, బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు లాగితే ముడతలన్నీ పోతాయి. పాలలా పలుచగా చేసిన జిగురును వెనక అతికే కాగితానికి రాసి బొమ్మ మీద దింపాలి. తర్వాత అంచులకు మాత్రమే చిక్కటి జిగురు రాసి ఆరబెట్టే బోర్డుకు అతికించాలి. ఒక మూల చిన్న కాగితపు ముక్క దూర్చి ఉంచితే, ఎండాక అక్కడి నుంచి వెదురుపుల్లతో విడదీయొచ్చు. ఎండేకొద్దీ కాగితం డప్పులా బిగుసుకుంటుంది. ఇస్త్రీతో ఆ చదును రాదు.

ఉప్పుగాలి_వాల్తేరు: చదువుకోడానికి బాగుంది. గంజి అంటే సిల్వర్‌ఫిష్ పురుగులకు విందు భోజనం. మా ఊళ్లో వానాకాలం గోడలకే బూజు పడుతుంది. చైనాలోనే ఇప్పుడు మామూలు షాపుల్లో మెషీన్ మీద చేసిచ్చేస్తున్నారు. కృష్ణాతీరం గారూ, ఫిల్మ్ కొనుక్కోండి.

రంగులడబ్బా: పోస్టర్లు అంటించే మైదా సరిపోదా? కాస్త మైలుతుత్తం కలిపితే ఏ పురుగూ రాదు.

సిరాబొట్టు: దయచేసి మైలుతుత్తం మాట ఎత్తకండి. అందులో ఉండేది రాగి. రాగి కాగితాన్ని తినేస్తుంది, పెళుసెక్కి విరిగిపోతుంది.

బైండింగ్_బాబాయ్: నలభై ఏళ్లు మా నాన్న పుస్తకాలు బైండ్ చేశారు. మైలుతుత్తం లేని జిగురు మా ఇంట్లో కాచలేదు. ఆ లెడ్జర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కడ విరిగాయో చూపించండి.

సిరాబొట్టు: లెడ్జర్ అట్ట వేరు, ఊపిరి తగిలితే కదిలే షువాన్ కాగితం వేరు బాబాయ్.

బైండింగ్_బాబాయ్: కాగితం కాగితమే. నా ప్రశ్నకు జవాబు రాలేదు.

సిరాబొట్టు: మళ్లీ అసలు విషయానికి. జపాన్‌లో చలి ముదిరిన రోజుల్లో జిగురు కాచి, కుండల్లో పదేళ్ల దాకా మగ్గపెడతారు. జిగురు అంటుకునే పట్టు బాగా తగ్గిపోతుంది. కావాలనే అలా చేస్తారు. పట్టు తక్కువైతేనే స్క్రోల్ మెత్తగా చుట్టుకుంటుంది. అంటుకోవడానికి బరువైన బ్రష్‌తో వెనక నుంచి తడతారు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో తూర్పు ఆసియా చిత్రాలను బాగుచేయడం కోసం 1994లో హిరయామా స్టూడియో తెరిచారు. అక్కడా వాడేది గోధుమ జిగురే.

ఉప్పుగాలి_వాల్తేరు: మ్యూజియంలో ఏసీ ఉంటుంది, మా హాల్లో సముద్రపు గాలి. మీరు పాఠం చెబుతూనే ఉంటారు, ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు పట్టదు! మా అమ్మ వేసిన పియోనీ పువ్వుల బొమ్మను ఒక ఫ్రేముల షాపులో ఇచ్చాను, తడి మౌంటింగ్ వచ్చన్నాడని. నీళ్లు తగలగానే ఎరుపంతా ఆకుల్లోకి పాకింది. అమ్మ ఇప్పుడు లేదు. ఇంకో బొమ్మ వేసివ్వదు. మిగిలిన వాటి మీద నీటిచుక్క పడనివ్వను. అంతే.

పల్నాటిపిల్ల: అయ్యో 🙏

సిరాబొట్టు: చాలా బాధగా ఉందండీ. కానీ అది నీళ్ల తప్పు కాదు, పరీక్షించకుండా తడిపినవాడి తప్పు. నా కష్టం కూడా వినండి. ఫిల్మ్‌తో అతికించిన స్క్రోల్ ఒకటి కొన్నాను. రెండో వానాకాలానికే బుడగలు లేచాయి. బాగుచేసేవారికి చూపిస్తే, ఫిల్మ్ లాగితే బొమ్మ పొర కూడా దానితో వచ్చేస్తుందన్నారు. గోధుమ జిగురైతే తడిపి ఊడదీసి కొత్త కాగితం వేయొచ్చు. వందల ఏళ్ల నాటి చైనా, జపాన్ బొమ్మలు మిగిలాయంటే, తరాల తరబడి అలా విప్పి మళ్లీ మౌంట్ చేస్తూ వచ్చారు కాబట్టే.

ఉప్పుగాలి_వాల్తేరు: ఇప్పుడు తేలింది మన గొడవేమిటో. మీకు నా తర్వాత ఎవరో విప్పి బాగుచేయడానికి వీలుండాలి. నాకు ఎవరూ విప్పకూడదు. అమ్మ ఎలా వేసిందో అలా నేనున్నన్నాళ్లు గోడ మీద ఉంటే చాలు.

సిరాబొట్టు: మీరున్నన్నాళ్లు ఉంటుందనే నమ్మకం ఫిల్మ్ ఇవ్వదనే నా బాధ. తర్వాత ఆ బొమ్మ మీ పిల్లలది కూడా. వాళ్ల చేతులు మనం కట్టేయకూడదు.

ఉప్పుగాలి_వాల్తేరు: అది మా ఇంటి విషయం. నేను ఒప్పుకోను.

కృష్ణాతీరం: నావి నల్లసిరా బొమ్మలే. ముద్ర మాత్రం ఎరుపు. అది పాకుతుందో లేదో ముందే తెలుసుకోవడం ఎలా?

సిరాబొట్టు: తెల్లటి బ్లాటింగ్ పేపర్ ముక్కను తడిపి, పిండి, ముద్ర అంచు మీద వేలితో మెల్లగా అద్దండి. సిరా మీద కూడా ఒకచోట అలాగే చూడండి, చవక సీసా సిరాలు కొన్ని పాకుతాయి. మరక అంటిందా, ఆ బొమ్మను తడపొద్దు. ముందు రంగు కదలకుండా పలుచటి జంతు బంక నీళ్లు పట్టించి, పూర్తిగా ఆరాక మళ్లీ అద్ది చూడాలి. అప్పటికీ అంటితే నాకు ఫొటో పెట్టండి, బోర్డు దాకా తీసుకెళ్లొద్దు.