హౌటన్‌లో ప్రొపేన్ హీటర్: పడకగదిలో పెట్టుకోవచ్చా?

హౌటన్, మిషిగన్ నుంచి (కొత్త సభ్యుడు)

అందరికీ నమస్కారం. మాది మధురవాడ. ఆగస్టులో ఇక్కడికి వచ్చాం, నేను, మా ఆవిడ, రెండేళ్ల పాప. మా ఆవిడకి ఇప్పుడు ఆరో నెల. ఊరి బయట ఒక పాత ఇల్లు అద్దెకి తీసుకున్నాం. గ్యాస్ పైప్‌లైన్ ఇక్కడిదాకా రాలేదు, పెరట్లో పెద్ద ప్రొపేన్ ట్యాంకు ఉంది. బేస్‌మెంట్‌లో ఫర్నెస్ (ఇల్లంతటికీ వేడిగాలి పంపే మెషీన్), నీళ్ల హీటర్ ఉన్నాయి గానీ వెనక పడకగదికి వేడి అందడం లేదు. అక్టోబరులోనే పాపకి రెండు స్వెట్టర్లు వేసి పడుకోబెడుతున్నాం. షాపులో 30,000 బీటీయూ (గంటకి ఎంత వేడి ఇస్తుందో చెప్పే కొలత) గోడ హీటర్ ఒకటి చూశాను. ‘వెంట్ ఫ్రీ’ అట, పొగ గొట్టం అక్కర్లేదట. బేస్‌మెంట్ నుంచి పైపు లాగి నేనే బిగించుకుందామని ఆలోచన. వైజాగ్‌లో సిలిండర్, స్టవ్వు ట్యూబు అన్నీ నేనే మార్చేవాడిని. లీకైతే వాసన ఎలాగూ తెలుస్తుంది కాబట్టి టెన్షన్ లేదనుకుంటున్నా. ఎవరైనా వాడారా?

సీతమ్మధార, విశాఖ నుంచి

తమ్ముడూ, ఆ హీటర్ కొనకు. ఈపాటికి కొనేసి ఉంటే బిల్లు జాగ్రత్తగా పెట్టుకుని వాపసు ఇచ్చెయ్.

రిటైరై ఇంటికి చేరేదాకా నేను మీ పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో హీటింగ్ సామాను చేసే కంపెనీలో పనిచేశాను. అద్దె ఇళ్లలో మనవాళ్లు సొంతంగా బిగించుకున్నవి కూడా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. మన ఊరివాళ్లకి గ్యాస్ అనగానే గుర్తొచ్చేది లీకు. అందులో ఆశ్చర్యం లేదు. 1997 సెప్టెంబరు 14 పొద్దున్నే మన వైజాగ్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై అంటుకుని యాభై మందికి పైగా పోయారు, ఆ చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి పరుగులు తీశారు. రాత్రి పడుకోబోయే ముందు రెగ్యులేటర్ ఆపి ఒకసారి వాసన చూడటం మా తరానికి అలవాటైపోయింది. నీకూ మీ అమ్మగారు నేర్పే ఉంటారు. కానీ హీటర్ దగ్గర ముక్కు సగం పనే చేస్తుంది. వాసన వచ్చేది కాలని గ్యాస్‌కి. అది కూడా మనకి తెలియాలని కావాలని కలిపిన మెర్కాప్టాన్ వాసన. కాలిన గ్యాస్‌లో అదీ కాలిపోతుంది. మంట సరిగ్గా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండించే ఘాటూ లేదు. పైగా స్టవ్వు వెలిగేది నువ్వు మెలకువగా ఉన్నప్పుడు, ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు. ఈ హీటర్ వెలిగేది తలుపులు బిగించుకుని మీ ముగ్గురూ నిద్రపోతున్నప్పుడు.

వెంట్ ఫ్రీ అంటే కాలిన గాలి మొత్తం మీరు పీల్చే గదిలోకే. 30,000 బీటీయూ హీటర్ ఆగకుండా వెలిగితే గంటకి గాలన్‌లో మూడో వంతు ప్రొపేన్ తాగుతుంది. అది ఏ దోషమూ లేకుండా చక్కగా కాలినా గంటకి దాదాపు లీటరు నీరు ఆవిరై గదిలోకి వస్తుంది. బయట మైనస్ ఇరవై ఉన్నప్పుడు ఆ ఆవిరి ఎక్కడికీ పోదు. కిటికీ అద్దాల మీద కారుతుంది, బీరువా వెనక గోడకి పడుతుంది, కొన్నాళ్లకి నల్లగా బూజు. ఇక గది సైజు. పాత ఇల్లు కాబట్టి 11 అడుగులకి 12, ఎత్తు 8 అనుకుందాం. 1,056 ఘనపుటడుగులు. అక్కడి గ్యాస్ కోడ్ ప్రకారం ప్రతి 1,000 బీటీయూకి 50 ఘనపుటడుగుల చోటు ఉండాలి, అంటే నీ హీటర్‌కి 1,500. అసలు పడకగదిలో గొట్టం లేని హీటర్ 10,000 బీటీయూ దాటకూడదని కూడా ఉంది. కాలిఫోర్నియాలోనైతే ఇళ్లలో ఈ రకాన్నే ఒప్పుకోరు. ‘ఆక్సిజన్ సెన్సర్ ఉంది సార్, దానంతట అదే ఆగిపోతుంది’ అని షాపులో చెబుతారు. ఉంటుంది, ఆక్సిజన్ 18 శాతం దగ్గరికి పడిపోతే ఆపుతుంది కూడా. అది చూసేది ఆక్సిజన్ ఎంతుందన్నదే. బర్నర్‌లో దుమ్మూ పాప దుప్పటి నూగూ చేరి మంట పసుప్పచ్చగా తిరిగిందనుకో, గదిలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది, మోనాక్సైడ్ మాత్రం వస్తూనే ఉంటుంది.

ఆ గదికి తగినది డైరెక్ట్ వెంట్ హీటర్. దాన్ని బయటి గోడకి ఆనించి బిగిస్తారు. గోడకి ఒకటే కన్నం, అందులో గొట్టంలో గొట్టం. బయటి గొట్టంలోంచి బయటి గాలి మంట దగ్గరికి వస్తుంది, లోపలి గొట్టంలోంచి కాలిన గాలి బయటికి పోతుంది. మంట ఉండే పెట్టెకి సీలు వేసి ఉంటుంది కాబట్టి గదిలో గాలికీ దానికీ సంబంధం ఉండదు. ధర ఎక్కువే, బిగించేవాడి కూలీ ఇంకా ఎక్కువ. అయినా అదే.

గొట్టం బయటికి ఎక్కడ తేలాలన్నది మీ ఊళ్లో అసలు ప్రశ్న. ఆ సైజు హీటర్‌కి తెరుచుకునే కిటికీ నుంచి 9 అంగుళాలు, నేల నుంచి 12 అంగుళాలు అని మామూలు కొలతలు. మాన్యువల్ ఇంకా ఎక్కువ అడిగితే అదే చెల్లుతుంది. మీకు ఆ 12 అంగుళాలు ఏ మూలకి? సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చే గాలితో మీ ప్రాంతంలో ఒక సీజన్‌లో 200 అంగుళాల మంచు పడటం మామూలు విషయం. అందుకని నేల నుంచి కాదు, పేరుకునే మంచు పైనుంచి కొలుచుకోవాలి. కప్పు మీది మంచు జారిపడే వైపు వద్దు, గాలికి గుట్టగా చేరే మూల వద్దు. పక్కింటివాళ్లని అడుగు, నిరుడు ఏ కిటికీ దాకా వచ్చిందో వేలు పెట్టి చూపిస్తారు. బేస్‌మెంట్ ఫర్నెస్‌కి తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు గోడలోంచి బయటికి వచ్చి ఉంటే వాటికీ ఇదే వర్తిస్తుంది. మంచు పడిన ప్రతిసారీ కారు కన్నా ముందు వాటి చుట్టూ తవ్వాలి. స్నో బ్లోవర్ (మంచు ఎగజిమ్మే మెషీన్) మాత్రం అటు తిప్పకు.

పైపు సంగతి. వైజాగ్‌లో నువ్వు మార్చింది సిలిండర్, లైను కాదు. అక్కడ ట్యాంకు దగ్గర ఒక రెగ్యులేటర్, ఇంటి గోడ దగ్గర ఇంకొకటి ఉంటాయి. ఇంట్లోకి వచ్చే ప్రెషర్ 11 అంగుళాల ఎత్తు నీళ్లు కలిగించే ప్రెషర్‌తో సమానంగా ఉండాలి. ఇంకో హీటర్ తగిలిస్తే ఉన్న పైపు సైజు సరిపోతుందో లేదో లెక్క కట్టాలి, తర్వాత గేజ్ పెట్టి లీకు పరీక్ష చెయ్యాలి. సబ్బు నురగ పనికొస్తుంది గానీ అదొక్కటే చాలదు. న్యాచురల్ గ్యాస్‌కి చేసిన హీటర్ చవగ్గా దొరికిందని తెచ్చి ప్రొపేన్‌కి తగిలిస్తే మంట ఎగదన్ని మసి కడుతుంది, మోనాక్సైడ్ కక్కుతుంది.

పెరట్లో ప్రొపేనే ఎందుకుందో కూడా చెబుతా. మన 14.2 కిలోల సిలిండర్‌లో బ్యూటేన్, ప్రొపేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. మన సిలిండర్ హౌటన్ జనవరిలో బయట పెడితే నిండుగా ఉండి కూడా స్టవ్వు సరిగ్గా వెలగదు.

ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే కిందికి దిగి బేస్‌మెంట్‌లో చేరుతుంది. వాసన వస్తే లైటు వెయ్యకు, ఆపకు, ఫోన్ కూడా లోపల చెయ్యకు. పాపని ఎత్తుకుని బయటికి నడవండి, దూరంగా వెళ్లాక 911కి (అక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చెయ్యి. బార్బెక్యూ సిలిండర్ గదిలోకి తెచ్చి దానికి హీటర్ తగిలించే ఆలోచన కూడా రానివ్వకు.

మినియాపోలిస్ నుంచి

తమ్ముడూ, మాస్టారు చెప్పాక హీటర్ గురించి నేను కలిపేదేం లేదు. అద్దె ఇల్లు కదా, గోడకి కన్నం పెట్టడం నీ పని కాదు, ఓనర్ పని. ‘వెనక గది వేడెక్కడం లేదు, డైరెక్ట్ వెంట్ హీటర్ పెట్టించండి, లేదా వేడిగాలి వచ్చే డక్ట్ సరిచేయించండి’ అని మెయిల్ రాయి. ఫోన్‌లో చెప్పినవి ఎవరికీ గుర్తుండవు. లైసెన్సు ఉన్నవాడు చెయ్యాలి, పర్మిట్ తీయాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. చాలాసార్లు ఫర్నెస్ ఫిల్టర్ మార్చి, మంచం కిందో సోఫా వెనకో మూసుకుపోయిన వేడిగాలి కన్నం తెరిస్తే గది దానంతట అదే వేడెక్కుతుంది. ముందు అది చూడు.

నాకు మీ బేస్‌మెంట్ నీళ్ల హీటర్ మీద అనుమానంగా ఉంది. దాని నెత్తిన రేకు గొడుగులాంటిది ఉండి, ఆ గొడుగు కింద నాలుగు కాళ్ల మధ్య ఖాళీ ఉందా? అయితే అది ఇంట్లో గాలి తీసుకుని పొగని వేడి బలంతో పైకి పంపే పాతరకం. మనం వంకాయలు వేయిస్తూ వంటింటి హుడ్ (స్టవ్వు మీద పొగ లాగే ఫ్యాన్) ఫుల్ స్పీడ్‌లో పెడతాం, అదే టైంలో బట్టల డ్రయ్యర్ తిరుగుతుంటుంది, బాత్రూం ఫ్యాన్ వేసి ఉంటుంది. తలుపులన్నీ బిగించిన ఇంట్లోంచి ఇవన్నీ గాలి బయటికి లాగేస్తే, ఆ గాలి లోటు తీరడానికి చిమ్నీలోంచే వెనక్కి వస్తుంది. నీళ్ల హీటర్ పొగతో సహా.

దీనికో పరీక్ష ఉంది. ముందు బేస్‌మెంట్‌లో గ్యాస్ వాసన లేదని చూసుకో. కిటికీలు, తలుపులు మూసి, హుడ్, డ్రయ్యర్, బాత్రూం ఫ్యాన్ అన్నీ వెయ్యి. వేడినీళ్ల కుళాయి తిప్పి హీటర్ మంట అందుకునేలా చెయ్యి. ఐదు నిమిషాలు ఆగి, అగరుబత్తి వెలిగించి ఆ రేకు అంచు దగ్గర చుట్టూ తిప్పు. పొగ లోపలికి వంగి పైకి లాగేసుకుంటే మంచిది. అంచు దగ్గర తటపటాయించినా, నీ మొహం మీదికి తిరిగినా హీటర్ ఆపి, కిటికీ తెరిచి, ఓనర్‌కి ఫోన్ చెయ్యి. అంచు చుట్టూ మసి మరకలు గానీ, కరిగిన ప్లాస్టిక్ రింగులు గానీ కనిపిస్తే పరీక్ష కూడా అక్కర్లేదు, సమస్య ఉన్నట్టే.

పోపు పెట్టినప్పుడల్లా మోగుతోందని పొగకీ మోనాక్సైడ్‌కీ మోగే అలారం పీకి డ్రాయర్‌లో పడేసే ఇళ్లు నాకు చాలా తెలుసు. మీది గోడ మీదే ఉందా?

పెదవాల్తేరు, విశాఖ నుంచి

నేను డాక్టర్ని. రెండే మాటలు చెబుతాను. కోవిడ్ నుంచి మనందరి దగ్గరా వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఉంది. తలనొప్పిగా ఉంటే అది పెట్టి 98 చూసి ‘ఆక్సిజన్ బాగానే ఉంది’ అనుకోవద్దు. మోనాక్సైడ్ పట్టిన రక్తాన్నీ ఆక్సిజన్ ఉన్న రక్తాన్నీ ఆ మామూలు మెషీన్ వేరు చేయలేదు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా ఇది హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, ఫ్లూలాగే ఉంటుంది గానీ జ్వరం ఉండదు. ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చి, బయటికెళ్తే తగ్గి, ఇంటికొస్తే మళ్లీ మొదలైతే అనుమానించాలి. ఆసుపత్రిలో కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష (రక్తంలో మోనాక్సైడ్ ఎంత పట్టిందో చూసేది) చేయమని నోరు తెరిచి అడగండి. మీ ఆవిడ గర్భవతి అన్నారు. కడుపులో బిడ్డ రక్తం తల్లి రక్తం కన్నా ఎక్కువగా దీన్ని పట్టుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. తల్లికి కాస్త తేలిగ్గా అనిపించినా ఊరుకోకూడదు.

ఇది చలిదేశాల జబ్బు కూడా కాదు బాబూ. ఇక్కడ ఫ్లాట్లలో బాత్రూం లోపల గ్యాస్ గీజర్ పెట్టి వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టేవాళ్లున్నారు. లంబసింగి చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చుకుని తలుపేసుకునేవాళ్లూ ఉన్నారు.

హౌటన్ నుంచి

అన్నా, అక్కా, డాక్టర్ గారూ, థాంక్స్. హీటర్ కొనలేదు. బేస్‌మెంట్‌లోది అక్క చెప్పిన రేకు గొడుగు రకమే. అగరుబత్తి పొగ హుడ్ వెయ్యకముందు లోపలికి పోయింది, హుడ్, డ్రయ్యర్ రెండూ వేశాక బయటికి తిరిగింది. ఆపేశాను. ఓనర్‌కి మెయిల్ పెట్టాను, సోమవారం మనిషిని పంపిస్తానన్నాడు. హాల్లో అలారం ఉంది, బటన్ నొక్కితే మోగుతోంది. వెనక తిప్పి చూస్తే తయారీ 2011 అని ఉంది. సోమవారం దాకా ఆ గదికి ఏం చెయ్యను?

సీతమ్మధార నుంచి

బటన్ నొక్కితే తెలిసేది బ్యాటరీ, బజరు పనిచేస్తున్నాయనే. లోపలి సెన్సర్ ఆయుష్షు ఐదు నుంచి పదేళ్లు, కాబట్టి దాని పని అయిపోయింది. ఈ రాత్రే రెండు కొత్తవి కొను, ఒకటి పడకగది బయట, ఇంకొకటి బేస్‌మెంట్‌లో. అంకెలు చూపించే రకమైతే మంచిది. మామూలు అలారం గాలిలో మోనాక్సైడ్ 70 పీపీఎం (పది లక్షల్లో 70 వంతులు) ఉంటే మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు, అంకెలుంటే అంతకుముందే కనిపిస్తుంది. నాలుగేసి కూతలు మోనాక్సైడ్‌కి, మూడేసి పొగకి. ఏది మోగినా ముందు బయటికి. ప్రొపేన్ లీకుకి వేరే అలారం కావాలి, అది నేలకి దగ్గరగా పెట్టాలి.

సోమవారం దాకా నీళ్లు ఎలక్ట్రిక్ కెటిల్‌లో కాచుకోండి. ఫర్నెస్ పొగ కూడా అదే చిమ్నీలోకి వెళ్తుంటే దాన్నీ ఆపి, ఈ రోజే మనిషిని పంపమని ఓనర్‌ని అడుగు. దానికి విడిగా ప్లాస్టిక్ గొట్టాలుంటే అది నడవనీ. పాప మంచం ముందు గదిలోకి మార్చు. వెనక గదికి కరెంటుతో నడిచే 1,500 వాట్ల ఆయిల్ రేడియేటర్ పెట్టు, సుమారు 5,100 బీటీయూ ఇస్తుంది, చలి విరుగుతుంది. గోడ సాకెట్‌లోనే పెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు, పక్కన పరదాలు వేలాడకూడదు. ఓవెన్ తలుపు తెరిచి ఇల్లు వేడి చేసే పని పెట్టుకోవద్దు. టెక్నీషియన్ వచ్చినప్పుడు నీళ్ల హీటర్ మీది లేబుల్, చిమ్నీలో గొట్టం కలిసే చోటు ఫోటో తీసి ఇక్కడ పెట్టు. నీకు రాత్రైనా పర్లేదు, మాకిక్కడ పగలే.