కనీస వేతనం పెంచితే చిన్న యూనిట్లలో పని పోతుందా?

ప్రశ్న (అట్టపెట్టెల యూనిట్ యజమాని, జీడిమెట్ల):
నా దగ్గర పద్నాలుగు మంది పని చేస్తున్నారు. వారిలో తొమ్మిది మంది హెల్పర్లు. ఐదుగురు ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు, నలుగురు మా పక్క బస్తీ ఆడవాళ్లు. నైపుణ్యం అవసరం లేని పనులకు కనీస వేతనం బాగా పెంచాలన్న కార్మిక సంఘాల కోరిక న్యాయమైనదేనని నేను ఒప్పుకుంటాను. పిన్ను కొట్టే మిషను దగ్గర పని చేసే ఆమె వేళ్లకు గుడ్డపీలిక చుట్టుకుని ఇంటికి వెళ్లడం రోజూ చూస్తున్నాను. కానీ అట్టకు వాడే క్రాఫ్ట్ కాగితం ధర మిల్లువాళ్లు చెబుతారు, పెట్టె ధర కొనే కంపెనీవాళ్లు చెబుతారు, నా చేతిలో ఉన్న లెక్క కూలి ఒక్కటే. వేతనం ఒక్కసారిగా పెరిగితే ఇద్దరిని తీసేయక తప్పదేమోనన్న దిగులు నన్ను వదలడం లేదు. ఈ విషయం తెలిసినవారు చెప్పగలరా?

జవాబు (ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్):
మీ దిగులు అర్థం లేనిది కాదు, కానీ అలా జరిగి తీరుతుందని ఎవరూ రుజువు చేయలేదు. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లుగా ఉన్న కనీస వేతనాన్ని 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియాలో వేతనం మారలేదు కనుక, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు వైపులా ఉన్న ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందూ తర్వాతా పరిశీలించి, న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన ఆనవాలు లేదని తేల్చారు. జీతాల రికార్డులు ముందు పెట్టి దాన్ని కాదన్నవారూ ఉన్నారు, ఆ వాదం ఇంకా తెగలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. వేతనం పెరిగినప్పుడు మనుషులు పని మానేసి వెళ్లిపోవడం తగ్గుతుంది, కొత్తవాళ్లకు నేర్పే ఖర్చు మిగులుతుంది, ధర కొంత పెరుగుతుంది. పెంపు భారమంతా ఉద్యోగాల మీదే పడదు. అయితే పెంపు స్థానిక కూలి స్థాయిని ఎంత మించిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, చట్టం చెప్పిన వేతనం కార్మికుడి చేతికి అందుతుందని ముందే నమ్మి చేసిన లెక్క అది.

జవాబు (కార్మిక చట్టాల న్యాయవాది, విజయవాడ):
పెంపు ఎక్కువా తక్కువా అని చెప్పాలంటే కొలమానం కావాలి. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు దాన్ని నిర్ణయించింది: ఒక్కో వయోజనుడికి రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, ఇంటి అద్దె, ఇవి కాక వంటచెరకు, దీపం వంటివాటికి మొత్తం కనీస వేతనంలో 20 శాతం. భర్తను ఒక వినియోగ యూనిట్‌గా, భార్యను 0.8గా, ఇద్దరు పిల్లలను చెరో 0.6గా లెక్కించి, సంపాదించే ఒక్కరి మీద మొత్తం మూడు యూనిట్లు ఆధారపడతాయన్నారు. (ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషిని 0.8గా లెక్కించడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.) 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ అనే కంపెనీ కేసులో పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం వంటివాటికి మరో 25 శాతం కలపాలని చెప్పింది. ఈ కొలమానానికి పక్కన, కేంద్రం 2017లో ప్రకటించిన జాతీయ కనీస వేతన స్థాయిని పెట్టి చూడండి: రోజుకు 176 రూపాయలు, 26 రోజులకు 4,576 రూపాయలు. 2019లో కేంద్రం నియమించిన అనూప్ సత్పతీ కమిటీ రోజుకు 375 రూపాయలు సిఫారసు చేసింది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక చట్టం ముందు ‘నాకు గిట్టదు’ అన్న వాదన నిలబడదు.

జవాబు (హౌస్‌కీపింగ్ కార్మికురాలి కూతురు, విశాఖపట్నం):
మా అమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టరు కింద పదకొండేళ్లు నేల తుడిచింది. కార్మికుల ఏటీఎం కార్డులన్నీ సూపర్‌వైజరు సంచిలో రబ్బరు బ్యాండు వేసి ఉండేవి. ఒక్కో కార్డు కవరు మీద పిన్ నంబరు పెన్నుతో రాసి ఉండేది. ఖాతాలో పూర్తి వేతనం పడేది, అతనే తీసి, తన వాటా ఉంచుకుని, మిగిలింది కవరులో పెట్టి ఇచ్చేవాడు. ఒక ఏడాది, ధరలను బట్టి వేతనానికి కలిపే కరువు భత్యం పెరిగి ఖాతాలో పడే డబ్బు పెరిగింది గాని అమ్మ కవరులో డబ్బు మాత్రం పెరగలేదు. కాగితాలు చూసే అధికారికి అందులో ఏ తప్పూ కనిపించదు. వేతనం ఎంత పెంచాలన్న చర్చ అక్కరలేదని నేను అనడం లేదు, కానీ ఆ కార్డు ఎవరి చేతిలో ఉందో ముందు అడగండి.

మొదట ప్రశ్న అడిగిన యజమాని, మళ్లీ:
అమ్మా, మీ మాట చదివి చాలాసేపు మనసు మనసులో లేదు. మా హెల్పర్ల కార్డులు వాళ్ల దగ్గరే ఉన్నాయి; అయినా రేపు ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాను. లాయరుగారూ, గిట్టదన్న మాట కార్మికుల ముందు కాకుండా కొనేవాళ్ల ముందు చెప్పాల్సిందని ఇప్పుడు అర్థమైంది. కాగితం ధర పెరిగితే పెట్టె రేటు సవరించుకోవచ్చని మా ఒప్పందంలో ఉంది, కూలి పెరిగితే సవరించుకోవచ్చని మాత్రం లేదు. ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో కరువు భత్యం మారినప్పుడల్లా రేటు కూడా మారేలా ఒక షరతు చేర్చమని అడగబోతున్నాను. అలాంటి షరతును ఇదివరకు ఒప్పందంలో రాయించుకున్నవారు ఎవరైనా ఉంటే, దాని నకలు ఇక్కడ పెట్టండి.