అర్హత గల ఉపాధ్యాయుల నిష్పత్తిని దేశాల మధ్య ఎలా పోల్చాలి?

నమస్కారం. మాధ్యమిక పాఠశాలల్లో అర్హత గల ఒక్కో ఉపాధ్యాయుడికి ఎంతమంది విద్యార్థులున్నారో భారత్, ఫిన్లాండ్‌ల మధ్య పోల్చుతూ ఒక వ్యాసం రాస్తున్నాను. అంకెలు దొరకడం కష్టం కాలేదు గాని, అవి ఒకే విషయాన్ని చెబుతున్నాయా అన్నదే నా సందేహం.

యునెస్కో గణాంక సంస్థ 'అర్హత గల' ఉపాధ్యాయులను, 'శిక్షణ పొందిన' ఉపాధ్యాయులను వేర్వేరుగా లెక్కిస్తుంది. మొదటిది చదువుకు, రెండవది బోధనా శిక్షణకు సంబంధించినది. అయితే కనీస అర్హత ఏమిటన్నది ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. ఫిన్లాండ్‌లో సబ్జెక్టు ఉపాధ్యాయుడికి మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. మన దగ్గర ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుకు సాధారణంగా డిగ్రీ, బీఎడ్ సరిపోతాయి. అంటే ఇద్దరినీ ఒకే గడిలో వేస్తున్నామన్నమాట!

తరగతుల విభజన మరో చిక్కు. మన వాడుకలో ఆరు నుంచి ఎనిమిది వరకు ప్రాథమికోన్నత స్థాయి కాగా, అంతర్జాతీయ వర్గీకరణలో అది దిగువ మాధ్యమిక స్థాయి. 2009 నాటి విద్యా హక్కు చట్టం ఆ తరగతులకు 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని చెబుతుంది, కాని తొమ్మిది, పది తరగతులు ఆ చట్టం పరిధిలోకే రావు. పైగా యునెస్కో ఉపాధ్యాయుల తలలు లెక్కిస్తుంటే, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) పూర్తికాల పనికి సమానంగా మార్చి, అంటే సగం కాలం పనిచేసేవారిని అర ఉపాధ్యాయుడిగా లెక్కిస్తుంది.

గణాంకాలతో పనిచేసినవారు దయచేసి చెప్పగలరా: దిగువ, ఎగువ మాధ్యమిక స్థాయులను విడివిడిగా పోల్చడం మేలా? అర్హతలోని తేడాను పట్టికలోనే చూపే పద్ధతి ఏదైనా ఉందా?